పదిహేను లైన్లకు రెండు వారాలా? కెర్నల్ మెమరీ కోడ్, రాయని షరతుల చరిత్ర



పోయిన నెల సమావేశం ముగిశాక హాలు బయట కాఫీ తాగుతూ నిలబడి ఉన్నాం. మన కుర్రాళ్లలో ఒకడు, ఇక్కడే బెంగళూరులో చిప్‌ల కంపెనీలో పనిచేసేవాడు, ఫోను చూసుకుంటూ ముఖం ముడుచుకుని ఉన్నాడు. మన పెద్దాయన ఒకరు పలకరించారు.

"ఏమప్పా, ఆదివారం కూడా ఆఫీసేనా?"

"పదైదు లైన్ల కోడు తాతా. రెండు వారాల నుంచి రివ్యూ చేస్తా ఉన్నా. ఇంకా సంతకం పెట్టలేదు."

"పదైదు లైన్లకి రెండు వారాలా? పదైదు ఎకరాల దస్తావేజు ఒక పూటలో చదివి సంతకం పెట్టేవాళ్లం కదప్పా మేము!"

అందరం నవ్వాం. కుర్రాడూ నవ్వాడు. ఆ తరవాత నెమ్మదిగా అన్నాడు: "చదివేదానికి పది నిమిషాలు చాలు తాతా. ఆ పదైదు లైన్ల చుట్టూ ఉండే షరతులు ఎక్కడా రాసి లేవు. అవి ఎవరికి తెలుసో కనుక్కునేదానికే రెండు వారాలు."

పెద్దాయన నవ్వు ఆపేశారు. "షరతులు రాయని దస్తావేజు మీద సంతకం పెట్టొద్దు నాయనా" అన్నారు.

ఈ మాటలు మమ్మల్ని వదల్లేదు. ఇన్నాళ్లూ ఇక్కడ రాయల కాలం గురించి, మన వలసల గురించి, చెరువుల గురించి రాసుకున్నాం. ఈసారి మన పిల్లలు ఎంతోమంది చేస్తున్న పని చరిత్ర రాద్దామనిపించింది. కంప్యూటరు తెలియని పెద్దలకూ అర్థమయ్యేలా రాయాలని మా ప్రయత్నం. తెలిసిన పిల్లలు ఓపికగా చదవండి, తప్పులుంటే చెప్పండి.

సత్రం లెక్క

కెర్నల్ అంటే ఫోనులోనూ కంప్యూటరులోనూ అన్నిటికంటే అడుగున ఉండి, మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించే ప్రోగ్రాము. ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలో ఉండేది లైనక్స్ కెర్నల్. మీరు ఇది చదువుతున్న ఫోనులో కూడా బహుశా అదే ఉంటుంది. దానికి ఉన్న పనుల్లో అతి కష్టమైనది మెమరీ పంచిపెట్టడం.

ఒక పెద్ద సత్రాన్ని ఊహించుకోండి. గదులన్నీ ఒకే కొలత. ఒక్కో గదిలో 4,096 అక్షరాలు పడతాయి. ఆ గదిని 'పేజీ' అంటారు. 8 జీబీ ర్యామ్ ఉన్న ఫోనులో ఇలాంటి గదులు 20 లక్షల పైచిలుకు. వాట్సాప్, బ్యాంకు యాప్, కెమెరా, ఇవన్నీ సత్రానికి వచ్చే అతిథులు. విచిత్రమేమిటంటే, ప్రతి అతిథీ సత్రమంతా తనదే అనుకుంటాడు. తన గదులకు తన సొంత నంబర్లు వేసుకుంటాడు. అతని 1వ నంబరు గది నిజంగా ఏ గదో గుమాస్తా రిజిస్టరులో మాత్రమే ఉంటుంది. ఆ గుమాస్తాయే కెర్నల్.

గదులు చాలకపోతే, చాలా రోజులుగా ముట్టుకోని సామాన్లను అటక మీదకు, అంటే డిస్కులోకి, ఎక్కిస్తాడు. దీన్ని స్వాప్ అంటారు. అటక కూడా నిండిపోతే ఒక అతిథిని నిర్దాక్షిణ్యంగా బయటికి పంపేస్తాడు. ఫోనులో ఏదో యాప్ ఉన్నట్టుండి మూసుకుపోవడం మనందరం చూసిందే.

రిజిస్టరు కూడా సత్రంలోనే ఉండాలి కదా. లైనక్స్‌లో సాధారణంగా ఒక్కో గది వివరాలకు 64 అక్షరాల చోటు పడుతుంది. 16 జీబీ ఉన్న మెషీనులో ఈ వివరాలకే 256 ఎంబీ పోతుంది. అందుకని అందులో ప్రతి గడినీ రెండు మూడు అర్థాలకు వాడుకుంటారు. ఒకే గడికి ఒక సందర్భంలో ఒక అర్థం, ఇంకో సందర్భంలో ఇంకో అర్థం.

పైగా గుమాస్తా ఒక్కడు కాదు. ప్రాసెసరులో ఎనిమిది కోర్లుంటే ఎనిమిది మంది గుమాస్తాలు ఒకే రిజిస్టరులో ఒకేసారి రాస్తుంటారు. ఒకరు రాసింది ఇంకొకరు చెరపకుండా తాళాలుంటాయి. ఏ తాళం చేతిలో ఉంటే ఏ గడి దిద్దవచ్చు, ఏ తాళం తరవాత ఏది తీయాలి, ఇవే మన కుర్రాడు చెప్పిన షరతులు. కోడ్ చదివితే గుమాస్తా ఏం చేస్తున్నాడో కనిపిస్తుంది. ఎందుకు అలా చేస్తున్నాడో, ఏం చేయకూడదో కనిపించదు. అవి ఎవరైనా రాసి పెడితేనే ఉంటాయి.

యాభై ఏళ్ల నాటి ఒక వ్యాఖ్య

ఈ సమస్య లైనక్స్‌తో పుట్టలేదు. 1975లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ నుంచి యూనిక్స్ ఆరో ఎడిషన్ వచ్చింది. అందులో ఒక ప్రోగ్రామును ఆపి ఇంకొకదాన్ని మొదలుపెట్టే చోట, డిస్కు మీదికి పంపిన ప్రోగ్రాము తిరిగి వచ్చినప్పుడు దాని స్టాక్‌ను సరిచేసే కొన్ని లైన్లున్నాయి. వాటి పక్కన రాసిన వ్యాఖ్య కంప్యూటరు ప్రపంచంలో సామెతలా నిలిచిపోయింది. ఇది మీకు అర్థం కావాలని మేం ఆశించడం లేదు అన్నది దాని సారాంశం.

చాలామంది దాన్ని పొగరు అనుకున్నారు. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన డెన్నిస్ రిచీ ఆ తరవాత వివరణ ఇచ్చారు. పరీక్షలో ఇది రాదులే అని చెప్పినట్టుగా రాశామే తప్ప సవాలు కాదన్నారు. అంతటితో ఆగలేదు. అసలు చిక్కేమిటంటే అక్కడ ఏం జరుగుతోందో మాకూ పూర్తిగా అర్థం కాలేదు అని ఒప్పుకున్నారు. ఆ పద్ధతిని తరవాత మార్చేశారు కూడా. అంతటి మేధావి అంత నిజాయితీగా చెప్పిన ఆ మాట ఈ చరిత్ర మొత్తానికీ తాళంచెవి లాంటిదని మా అభిప్రాయం.

అదే యూనిక్స్‌ను ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు పాఠంగా చెప్పారు. 1976-77లో ఆయన దాదాపు 9,000 లైన్ల కెర్నల్ కోడ్‌ను ఒక పుస్తకంగా, దానికి వ్యాఖ్యానాన్ని ఇంకో పుస్తకంగా తయారుచేశారు. మన సంప్రదాయంలో మూలం, వ్యాఖ్య అని రెండూ ఉంటాయే, సరిగ్గా అలాంటిదే. వ్యాఖ్య రాసేవాడు ప్రతి పంక్తి దగ్గరా ఆగి ఇది ఎందుకు అని అడగక తప్పదు. అది కూడా ఒక రకం రివ్యూయే.

కానీ 1979లో యూనిక్స్ ఏడో ఎడిషన్‌తో వచ్చిన లైసెన్సు, కోడ్‌ను తరగతిలో పాఠంగా చెప్పడానికి వీల్లేదంది. దాంతో లయన్స్ పుస్తకం అచ్చులోకి రాలేదు. ఫోటోకాపీకి ఫోటోకాపీ, దానికి ఇంకో ఫోటోకాపీగా దేశదేశాలు తిరిగింది. చివరికి 1996లో అనుమతితో అచ్చయింది. లయన్స్ 1998లో కన్నుమూశారు.

కోడ్ ముందు, కాగితం వెనక

ఇక లైనక్స్. 1991లో ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. అప్పట్లో ఒక వాడుకరి దగ్గర 2 ఎంబీ ర్యామ్ మాత్రమే ఉంది, అందులో కెర్నల్ కంపైల్ కావడం లేదు. ఆ ఏడు క్రిస్మస్ సెలవుల్లో లైనస్ కూర్చుని, గదులు చాలకపోతే అటకెక్కించే కోడ్ రాశాడు. 1992 జనవరిలో వచ్చిన 0.12 వెర్షన్‌లో అది చేరింది. అవసరం వచ్చింది, కోడ్ వచ్చింది, వివరణ రాలేదు. ఆ తరవాత చాలా ఏళ్లు ఇదే తీరు.

ఈ తీరు ఎక్కడికి తీసుకుపోయిందో 2001లో లోకానికి తెలిసింది. ఆ జనవరిలో 2.4 కెర్నల్ విడుదలైంది. అందులోని మెమరీ విభాగం ఎక్కువగా రిక్ వాన్ రియల్ రాసింది. పని ఎక్కువైనప్పుడు మెషీన్లు ఉక్కిరిబిక్కిరి అవుతున్నాయని ఫిర్యాదులొచ్చాయి. సెప్టెంబరులో 2.4.10 విడుదలప్పుడు లైనస్ ఆ విభాగాన్ని తీసేసి ఆండ్రియా ఆర్కాంజెలీ రాసిన కొత్త దాన్ని పెట్టేశాడు. స్థిరంగా ఉండాల్సిన వరుసలో, మధ్య దారిలో, గుండెకాయ మార్పిడి! అలన్ కాక్స్ తన సొంత వెర్షన్లలో కొంతకాలం పాతదాన్నే నడిపాడు. అంటే ఒకే 2.4కు రెండు గుండెకాయలు.

ఎవరిది మంచిదన్నది ఇప్పుడు మన చర్చ కాదు. ఆండ్రియా కోడ్ నిలబడింది. రిక్ ఆ తరవాత చేసిన మరో పని, అంటే గది నంబరును బట్టి అందులో ఏయే అతిథులున్నారో వెనక్కి వెతికే పద్ధతి, 2.6లోకి వచ్చింది. ఇద్దరి ప్రతిభా మిగిలింది. కానీ ఆ మార్పిడి జరిగిన రోజున, పాత దాంట్లో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో, కొత్తది ఏ లెక్క మీద నడుస్తుందో కూర్చుని పోల్చి చూసే కాగితం ఎవరి దగ్గరా లేదు. వాదన అంతా అనుభవాల మీద, నమ్మకాల మీద జరిగింది.

ఆ లోటును పూడ్చింది ఒక విద్యార్థి. ఐర్లండ్‌లోని లిమెరిక్ విశ్వవిద్యాలయంలో మెల్ గోర్మన్ తన మాస్టర్స్ పట్టా కోసం 2.4 మెమరీ విభాగాన్ని చదివి, వివరించి, కోడ్‌కు వ్యాఖ్యానం రాశాడు. 2004లో అది 700 పేజీలు దాటిన పుస్తకంగా వచ్చింది. మొదటి సగం వివరణ, రెండో సగం లైన్ల వారీ వ్యాఖ్య. లయన్స్ బాటే.

అయితే కాలం ఆగదు కదా. పుస్తకం అచ్చయ్యేలోపే, 2003 డిసెంబరులో, 2.6 విడుదలైపోయింది. అందుకని 2.6లో ఏం మారిందో పుస్తకంలో విడిగా చేర్చాల్సి వచ్చింది. అయినా ఆ పుస్తకం వృథా పోలేదు. ఎన్నో ఏళ్లు కొత్తవారికి అదే తొలిమెట్టు. మెల్ గోర్మన్ తానే ఆ విభాగంలో ముఖ్యమైన రచయితల్లో ఒకడయ్యాడు. వ్యాఖ్యానం రాసినవాడు మూలం రాయడానికి అర్హుడయ్యాడు. మన పిల్లలు ఈ వరసను గుర్తుపెట్టుకోవాలి.

2004లోనే ఇంకో మార్పు కూడా వచ్చింది. కోడ్ పంపే ప్రతివాడూ ఇది పంపే హక్కు నాకుంది అని కింద సంతకం చేయాలన్నారు. కొన్నేళ్లకు రివ్యూ చేసినవారి సంతకం కూడా చేరింది. ఆ సంతకానికి అర్థం, నేను దీన్ని సాంకేతికంగా పరిశీలించాను, నాకు తెలిసినంతలో తప్పుల్లేవు, చేర్చదగ్గది అని. నాకు తెలిసినంతలో అన్న మాటను పట్టుకోండి. తెలియని షరతుకు ఏ రివ్యూయర్ కూడా పూచీ పడలేడు.

చిన్న కోరిక ఎప్పుడూ కాదనరట

2014 చివర్లో జరిగినది ఇంకా విచిత్రం.

కెర్నల్‌లోని ఏ భాగమైనా మెమరీ అడిగినప్పుడు గుమాస్తా లేదు అనవచ్చు. అందుకే అడిగిన ప్రతిచోటా, లేదంటే ఏం చేయాలో రాసి ఉండాలి. ఇది అందరికీ మొదటి పాఠం. ఎక్స్ఎఫ్ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లు రాసేవారు ఈ పాఠాన్ని బుద్ధిగా పాటించారు.

నిజంగా జరుగుతున్నది వేరు. 8 గదులు, అంటే 32 కేబీ, అంతకు లోపు మామూలుగా అడిగితే గుమాస్తా దాదాపు ఎప్పటికీ లేదు అనడు. ఖాళీ దొరికేదాకా తిరిగి తిరిగి వెతుకుతూనే ఉంటాడు. ఈ సంగతి మెమరీ విభాగం వారికి తెలుసు. బయటివారిలో చాలామందికి తెలియదు.

జపాన్‌కు చెందిన టెట్సువో హండా దీనివల్ల మెషీను బిగుసుకుపోయే పరిస్థితిని చూపించాడు. సత్రం భాషలో చెబుతాం. ఒక అతిథి వంటింటి తాళం చేతిలో పట్టుకుని ఇంకో గది కావాలని అడిగాడు. ఖాళీ లేదు. గుమాస్తా ఇంకో అతిథిని ఖాళీ చేసి పొమ్మన్నాడు. ఆ రెండో అతిథి వెళ్లాలంటే వంటింట్లోని తన సామాను తీసుకోవాలి. వంటింటి తాళం మొదటి అతిథి చేతిలో ఉంది. మొదటివాడు గది కోసం చూస్తున్నాడు, గుమాస్తా రెండోవాడు పోవడం కోసం చూస్తున్నాడు, రెండోవాడు తాళం కోసం చూస్తున్నాడు. సత్రం ఆగిపోయింది.

చర్చలో ఈ అలవాటు బయటపడగానే ఎక్స్ఎఫ్ఎస్ ముఖ్యుడు డేవ్ చిన్నర్ నివ్వెరపోయాడు. దశాబ్దాల అనుభవం ఉన్నవాడు! తాము నమ్మి కట్టిన నియమం ఒకటి, నడుస్తున్నది ఇంకొకటి. పోనీ ఇప్పుడు సరిదిద్ది గుమాస్తా చేత లేదు అనిపిద్దామా? అదీ అంత సులభం కాదు. లేదంటే ఏం చేయాలో రాసిన కోడ్ వేల చోట్ల ఉంది, అందులో చాలా భాగం ఎన్నడూ నడిచి ఎరుగదు. అందులో ఎన్ని తప్పులున్నాయో ఎవరికి తెలుసు? రాయని అలవాటు మీద ఇల్లంతా లేచిపోయింది. ఇక పునాది కదిలించడం ప్రమాదం.

చివరికి దారి రెండు వైపులా వేశారు. 2016లో 4.6 కెర్నల్‌లో, వెళ్లమన్న అతిథి కదలకపోయినా అతని గదులను ముందే ఖాళీ చేసే ఒక సహాయకుణ్ని పెట్టారు. ఆ తరవాత మెమరీ ఎలా అడగాలో చెప్పే మార్గదర్శిలో అలవాటును ఉన్నదున్నట్టు రాశారు: చిన్న కోరికలు మామూలుగా విఫలం కావు, అలాగని హామీ లేదు, కాబట్టి అడిగినవారు సరిచూసుకోవాల్సిందే. రెండు వాక్యాలు కూడా లేని ఈ సంగతి కాగితం మీదకు రావడానికి ఇంతకాలం పట్టింది.

దిద్దిన తప్పు తిరిగొచ్చింది

2016 అక్టోబరులో బయటపడ్డ 'డర్టీ కౌ' పేరు మనలో కొందరు వినే ఉంటారు. పేరులో ఆవు ఉన్నా సంగతి ఆవుది కాదు. ఇద్దరు అతిథులు ఒకే పుస్తకం చదువుతుంటే రెండు కాపీలు ఎందుకని గుమాస్తా ఒక్కటే ఉంచుతాడు. ఎవరైనా అందులో రాయబోతే అప్పుడు వాళ్లకు వేరే కాపీ తీసి ఇస్తాడు. ఇంగ్లీషులో ఈ పద్ధతి పేరులోని మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితే కౌ.

తప్పు ఇలా జరిగింది. అతిథికి చదివే హక్కే తప్ప దిద్దే హక్కు లేని పుస్తకం. రాస్తానన్నాడు. గుమాస్తా కాపీ తీశాడు. కాపీ తీశాను కదా, ఇక రాతకు వేరే జాగ్రత్త అక్కర్లేదు అనుకుని మళ్లీ చూడబోయాడు. ఆ రెప్పపాటులో అతిథి తోడుదొంగ ఆ కాపీని పారేశాడు. గుమాస్తాకు చేతికి అందింది అసలు పుస్తకం. అందులోనే రాసేశాడు. ఇలా మామూలు వాడుకరి ఎవరైనా వ్యవస్థ ఫైళ్లను దిద్ది మొత్తం మెషీనుకు యజమాని కావచ్చు. 2007 నాటి 2.6.22 నుంచి వచ్చిన కెర్నల్‌లన్నిటిలోనూ ఈ కన్నం ఉంది. ఫిల్ ఓస్టర్ అనే ఆయన, జరిగిన ఒక దాడి ఆనవాళ్లు పట్టుకుని దీన్ని కనిపెట్టాడు.

అసలు చరిత్ర పాఠం, దాన్ని దిద్దుతూ లైనస్ రాసిన నోట్‌లో ఉంది. ఇది పాత తప్పు, పదకొండేళ్ల కిందట నేనే దిద్దబోయి సరిగా దిద్దలేదు అని తానే రాసుకున్నాడు. 2005లో వేసిన ఆ అతుకు ఐబీఎం వారి ఎస్390 అనే పెద్ద యంత్రాల్లో ఇబ్బంది పెట్టింది. అందుకని దాన్ని తీసేశారు. అప్పట్లో ఈ కన్నం ఊహలో మాత్రమే ఉంది, ఎవరికీ అందేది కాదు. కాలం గడిచింది. మెమరీ విభాగం వేగం పెరిగింది. ఊహలో ఉన్నది చేతికందేదైంది. అతుకు తీసినప్పుడు, ఇక్కడ ఒక కన్నం మిగిలే ఉంది అని ఆ కోడ్ పక్కన గట్టిగా ఒక బోర్డు పెట్టి ఉంటే, మధ్యలో అటుగా వెళ్లిన ఎందరో రివ్యూయర్లలో ఒక్కరైనా ఆగి ఉండేవారేమో.

ఇంకా ఉంది. 2017 నవంబరులో, ఆ దిద్దుబాటులోనే పెద్ద పేజీల విషయంలో మరో కన్నం ఉందని బయటపడింది. ప్రపంచమంతా కళ్లు పెట్టి చూసిన దిద్దుబాటు అది! ఎన్ని కళ్లు చూశాయన్నది ఒక్కటే కాదు, ఆ కళ్లకు ఏ షరతులు తెలుసు అన్నదీ లెక్కే.

2023లో మళ్లీ అదే పాఠం. ప్రతి అతిథికీ ఏయే గదుల వరసలు ఉన్నాయో రాసుకునే పాత చెట్టు లాంటి అమరిక బదులు, 2022 డిసెంబరులో వచ్చిన 6.1లో మేపుల్ ట్రీ అనే కొత్త అమరిక పెట్టారు. స్టాక్ అనే వరస పెరిగేటప్పుడు చదివే తాళం ఉంటే చాలు, రాసే తాళం అక్కర్లేదు అన్నది పాత అలవాటు. పాత అమరికలో హద్దు అంకె ఉన్నచోటే మారేది కాబట్టి అది చెల్లింది. కొత్త అమరికలో హద్దు మారితే కొమ్మే మారిపోవచ్చు. చదువుతున్నవాడు నరికేసిన కొమ్మను పట్టుకుని ఉంటాడు. పెకింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన రుయిహాన్ లీ దీన్ని కనిపెట్టి జూన్‌లో తెలియజేశాడు. దిద్దడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. లైనస్ స్వయంగా ముందుండి దిద్దాడు. స్టాక్ పెరగాలంటే ఇక రాసే తాళమే కావాలన్నారు.

అవును తాతా, అక్కడా రెండు వారాలే!

ఖాళీ అధ్యాయాల నిజాయితీ

మరి ఈ లోకం ఏమీ నేర్చుకోలేదా? నేర్చుకుంది. నిదానంగా నేర్చుకుంది.

ఒక దారి, షరతును కోడ్‌లోనే కనిపించేలా చేయడం. కొన్ని గదులను కలిపి ఒకే పెద్ద గదిగా ఇచ్చే ఏర్పాటు ఉంది. ఒక కోడ్ చేతికి పేజీ అని ఒకటి వస్తే, అది విడి గదా, పెద్ద గదిలో తలగదా, మధ్య గదా అని తెలిసేది కాదు. ప్రతి రివ్యూయరూ వెనక్కి పోయి వెతకాలి. మాథ్యూ విల్‌కాక్స్ దీనికి ఫోలియో అనే కొత్త రకాన్ని తెచ్చాడు. ఫోలియో అంటే మధ్య గది కాదు అని పేరే చెబుతుంది. పేరు మీద, పద్ధతి మీద ఎంతో వాదన జరిగాక 2022 జనవరిలో 5.16లో చేరింది.

రెండో దారి, కాగితం. 2016 నుంచి కెర్నల్ పత్రాలన్నిటినీ కలిపి చదువుకునేలా ఒక పుస్తకంగా మలచడం మొదలైంది. జోనథన్ కార్బెట్ ఆ బాధ్యత చూశారు. 2018లో మైక్ రాపోపోర్ట్ మెమరీ విభాగపు పత్రాలను ఆ పద్ధతిలోకి మార్చి, యంత్రాలు నడిపేవారికి వేరుగా, కోడ్ రాసేవారికి వేరుగా సర్దాడు. 2022లో ఆయనే కోడ్ రాసేవారి భాగానికి ఒక అధ్యాయాల పట్టిక వేశాడు. భౌతిక మెమరీ, పేజీ టేబుళ్లు, గదులు వెనక్కి తీసుకోవడం, స్వాప్, ఇలా వరసగా శీర్షికలు. వాటిలో చాలావాటి కింద ఏమీ లేదు. ఖాళీ.

ఇది చూసి మొదట మాకు నవ్వొచ్చింది. ఆలోచిస్తే గౌరవం కలిగింది. ఏది రాయలేదో లోకానికి కనిపించేలా పెట్టడం చిన్న విషయం కాదు. ఖాళీ కనిపించింది కాబట్టే ఒక్కొక్కరూ వచ్చి నింపుతున్నారు. 2023లో పేజీ టేబుళ్ల అధ్యాయాన్ని లైనస్ వాలై రాశాడు. 2024లో తాళాల షరతుల మీద లొరెంజో స్టోక్స్ వివరంగా రాశాడు. ఏ తాళం ఉంటే ఏ గడి చదవవచ్చో, ఏ గడి దిద్దవచ్చో పట్టికలు వేసి మరీ రాశాడు.

ఇందులో మన దేశం పాలు కూడా ఉంది. ఒక్కో అతిథుల బృందం ఎన్ని గదులు వాడవచ్చో కట్టడి చేసే ఏర్పాటు 2008లో 2.6.25లో వచ్చింది. క్లౌడ్ కంప్యూటింగ్ అంతా నేడు ఇలాంటి కట్టడి మీదే నడుస్తోంది. దాన్ని ముందుకు నడిపినవారిలో ముఖ్యుడు ఐబీఎం భారత విభాగంలో పనిచేసిన బల్బీర్ సింగ్. కోడ్‌తో పాటు పత్రం కూడా రాశాడు. కానీ కోడ్ పరుగెత్తింది, పత్రం వెనకబడింది. ఇప్పుడు ఆ పాత పత్రం తెరిస్తే మొట్టమొదట కనిపించేది ఒక హెచ్చరిక: ఇది పూర్తిగా పాతబడింది, మొత్తం తిరగరాయాలి, పనికొచ్చే సంగతులు ఇంకా ఉన్నాయి కాబట్టి ఉంచుతున్నాం, లోతుగా కావాలంటే కోడ్ చూసుకోండి అని. పాతబడ్డ పత్రాన్ని మౌనంగా వదిలేస్తే అది అబద్ధం చెబుతుంది. ఈ నాలుగు మాటలు పైన చేర్చిన వారికి దండం పెట్టాలి.

మళ్లీ కాఫీ దగ్గరికి

ఈ వ్యాసం రాస్తుండగా ఆ కుర్రాణ్ని అడిగాం, నీ పదిహేను లైన్లు ఏమయ్యాయని. సంతకం పెట్టాడట. పెట్టే ముందు, ఆ షరతులు తెలిసిన ఒక పెద్దాయనను వేరే దేశంలో పట్టుకుని అడిగాడట. ఆయన చెప్పింది నాలుగు లైన్ల వ్యాఖ్యగా కోడ్ పైన రాయించి, ఆ తరవాతే పెట్టాడట. "నా తరవాత వచ్చేవాడికి రెండు వారాలు పట్టకూడదు కదా" అన్నాడు.

మనం తరతరాలుగా ఇక్కడ ఉంటున్నవాళ్లం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం. మనలో చాలామందికి రాయడం కన్నడంలోనే వచ్చు, తమిళనాడు పక్కవారికి తమిళంలోనే వచ్చు. మన అవ్వల మాటలు, పెళ్లి వరసలు, ఏ పండక్కి ఏది ఎందుకు చేస్తామన్న సంగతులు అన్నీ నోటి మీదే నడిచాయి. అవ్వ ఉన్నంతకాలం అడిగితే చెప్పేది. అవ్వ పోయాక ఏం చేయాలో మిగిలింది, ఎందుకో పోయింది. కెర్నల్ వారి కష్టం మనకు అర్థం కావడానికి కంప్యూటరు తెలియనక్కర్లేదు.

అందుకని రెండు మనవులు. కెర్నల్ పని చేసే మన పిల్లలు బెంగళూరులో, హైదరాబాదులో, చెన్నైలో ఎంతోమంది ఉన్నారు. కొత్త కోడ్ రాస్తేనే పేరు అనుకోకండి. ఆ పుస్తకంలో ఖాళీ అధ్యాయాలు ఇంకా ఉన్నాయి. చదివి, అడిగి, నాలుగు పేరాలు రాసి పంపండి. మెల్ గోర్మన్ మొదలుపెట్టింది అక్కడి నుంచే.

పెద్దలకు మనవి ఏమిటంటే, వచ్చే సమావేశానికి ఒక నోటుపుస్తకం పెడుతున్నాం. మీ ఇంట్లో జరిగే ఏదో ఒక ఆచారం, అది ఎందుకో మీకు తెలిసినంతలో, ఒక్క పేజీ రాయండి. తెలుగు లిపి రాకపోతే కన్నడ లిపిలోనైనా రాయండి, పిల్లలు మార్చుకుంటారు. తెలియనిచోట ఖాళీ వదలండి. తెలిసినవారు ఎవరో వచ్చి నింపుతారు.